గువ్వ కాళ్ళూ, ఆ ఇంటి తలుపులూ

పొద్దున్న లేవగానే అమ్మమ్మ చేసే మొదటి పని స్నానాలగది తలుపు లాగి చూడటం. అది మెత్తగా తెరుచుకుంటే మనవరాలు హాయిగా నిద్రపోయినట్టు. పట్టి పట్టి వస్తే రాత్రి కాళ్ళు కాస్త బిగుసుకున్నట్టు. అసలు రాకపోతే మాత్రం పొయ్యి మీద నీళ్ళు పెట్టి, తువ్వాళ్ళు ముంచి పిండి, ఆ వెచ్చటి తువ్వాళ్ళు పిల్ల తొడల మీదా పిక్కల మీదా కప్పి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పాల్సిందే. కాసేపటికి కాళ్ళు వదులవుతాయి. వాటితోపాటే తలుపూ వదులవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు వరసగా మొహాలు కడుక్కుంటారు.

"ఎలా ఉందమ్మా ఇవాళ?" అని వంటింట్లోంచి కూతురు అడుగుతుంది.

"ఫర్వాలేదే, రెండో లాగుకి వచ్చింది."

"అయితే పాలడబ్బా మూత కూడా వస్తుందిలే. ఇందాకట్నించీ కుస్తీ పడుతున్నాను."

పిల్లకి రికార్డుల్లో పేరేదో ఉంది గానీ అందరూ గువ్వ అనే పిలుస్తారు. ఆరేళ్ళది. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై మెదడులో ఒక చోట దెబ్బ తగిలింది. అప్పట్నించీ కాళ్ళ కండలు బిగుసుకునే ఉంటాయి. నిలబెడితే మునివేళ్ళ మీద లేస్తుంది, మోకాళ్ళు రెండూ కత్తెరలా ఒకదాని మీదికొకటి వస్తాయి. మాట మెల్లగా, ముద్దగా వస్తుంది. అలవాటైనవాళ్ళకి అన్నీ అర్థమవుతాయి. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అమ్మమ్మ పేకాటలో ముక్క దాచేస్తే ముందు పట్టుకునేది గువ్వే.

తలుపుల సంగతి మొదట తెలిసింది పిల్లకి ఏడాది నిండకముందు. వాళ్ళమ్మ నీళ్ళు పోస్తుంటే మగ్గు చేజారి చప్పుడైంది. పిల్ల ఉలిక్కిపడి కర్రలా బిగుసుకుపోయింది, వెనకాల తలుపూ అలాగే బిగుసుకుపోయింది. తల్లీబిడ్డలిద్దరూ లోపల చిక్కుకున్నారు. బయట నాన్న భుజంతో గుద్దినకొద్దీ తలుపు ఇంకా బిగిసింది. చివరికి లోపల తల్లి పిల్లని ఒళ్ళో వేసుకుని ఊపుతూ ఉంటే దానంతటదే వచ్చింది. తర్వాత బీరువా, సొరుగులు, సీసా మూతలు. మరీ గట్టిగా బిగుసుకున్న రోజున పక్క వాటా తలుపులు కూడా. ఆ మూడంతస్తుల భవనంలో వాళ్ళకి అది వాన పడితే బట్టలు ఆరకపోవడం లాంటిదే. లోపలిగది తలుపు రాకపోతే, "గువ్వకి ఒంట్లో బాగాలేనట్టుంది" అనుకుని, ఇంకో పని చూసుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు.

గువ్వ వాళ్ళమ్మ వెనక వీధిలో ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. నాన్న లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం భవనాల లిఫ్టులు ఆయన చేతుల మీదుగా నడుస్తాయి. చేతుల్లో బలం ఎక్కువ, మనిషిలో ఓపిక తక్కువ. కూతురంటే ప్రాణం. కానీ ఆ ప్రాణాన్ని ఎలా చూపించాలో ఆయనకి పని రూపంలోనే తెలుసు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ముందు పిల్ల కాళ్ళు సాగదీసే వంతు ఆయనది.

వారానికోసారి పిల్లని చూసే ఫిజియోథెరపిస్టు ఆయనకి చాలాసార్లు చెప్పింది.

"మెల్లగా, సార్. పాదాన్ని అరచేతిలో పెట్టుకోండి, కొంచెం పైకి వంచండి, అక్కడే ఆగండి. కండ వదిలేదాకా ఆగండి. అది వదిలాక ఇంకొంచెం."

"అలాగే మేడమ్," అనేవాడు. మర్నాడు పొద్దున్నే బూట్లు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, పిల్ల మంచం దగ్గర ఒంగి, పాదం పట్టుకుని గబగబా తోసేవాడు. తుప్పు పట్టిన బోల్టుని వదులు చేస్తున్నట్టే ఉండేది. బిగిసిన కండని లొంగదీయాలనీ, ఇవాళ లొంగకపోతే రేపు ఇంకా గట్టిగా చేయాలనీ ఆయన లెక్క. కొన్నాళ్ళకి నాన్న బూట్ల చప్పుడు వినగానే గువ్వ కాళ్ళు మడుచుకోవడం మొదలుపెట్టింది. ఆయన చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు.

అయినా ఆ ఏడు గువ్వ బాగానే పుంజుకుంది. మోకాళ్ళ కింది నుంచి పాదాల దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్లు వేసుకుని, చక్రాల వాకర్ పట్టుకుని, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. ఎదురొచ్చినవాళ్ళు గోడకి అతుక్కుని దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే గువ్వ ఆగి, వాళ్ళు తప్పుకునేదాకా కళ్ళార్పకుండా చూసేది.

వానలు మొదలైన వారంలో అంతా తలకిందులైంది.

మొదట చెక్క నానిందనుకున్నారు. చెమ్మకి తలుపులు ఉబ్బడం మామూలే కదా. కానీ ఇనుప బీరువా ఎందుకు ఉబ్బుతుంది? అమ్మమ్మ ఎన్ని తువ్వాళ్ళు వేసినా స్నానాలగది తలుపు రాలేదు. గువ్వ కాళ్ళు రెండూ పెనవేసుకుపోయాయి. కుర్చీలో కూర్చోబెడితే నడుము విల్లులా వంగి ముందుకి జారిపోతోంది. స్ప్లింట్లు వేయబోతే కేకలు. రాత్రుళ్ళు నిద్ర లేదు, పగలు తిండి లేదు.

"ఎక్కడమ్మా నొప్పి?" అని వాళ్ళమ్మ అడిగితే, "కాలు" అనేది.

కాళ్ళ సంగతి తెలిసిందే కదా అనుకున్నారు అందరూ.

పైఅంతస్తులో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు ఒక మధ్యాహ్నం స్నానాలగదిలో ఇరుక్కుపోయారు. చాలాసేపటికి గానీ తలుపు రాలేదు. గువ్వ వాళ్ళ నాన్న పరిగెత్తుకుంటూ పైకి వెళ్ళి, చేతులు జోడించి నిలబడ్డాడు.

"క్షమించండి మాస్టారూ."

"దానికేముందయ్యా. లోపల కూర్చుని పందొమ్మిదో ఎక్కం దాకా అప్పజెప్పుకున్నాను. ఒక్కటీ మర్చిపోలేదు, నాకే ఆశ్చర్యమేసింది." మాస్టారు తల తుడుచుకున్నారు. "కానీ పిల్లకి ఎక్కడో గట్టిగా నొప్పిగా ఉన్నట్టుంది. ఇంతలా ఎప్పుడూ లేదు. చూసుకోండి."

మర్నాడు ఆఫీసు నుంచి సూపర్‌వైజరు ఫోను చేశాడు. "ఏమయ్యా, మీ బిల్డింగు లిఫ్టు తలుపులు తెరుచుకోవడం లేదని కంప్లయింటు. మనిషిని పంపమంటావా, అమ్మాయి తగ్గేదాకా ఆగమంటావా?"

"ఆగండి సార్," అన్నాడు నాన్న.

మాస్టారి మాటని ఆయన ఇంకోలా తీసుకున్నాడు. మధ్యలో ఓవర్‌టైములు పడి కొన్ని పొద్దులు పిల్ల కాళ్ళు సాగదీయలేదు. అందుకే ఇలా బిగిసిపోయిందనుకున్నాడు. ఆ సాయంత్రం రాగానే చొక్కా చేతులు మడిచి, పిల్ల మంచం దగ్గర కూర్చుని, ఎడమ పాదం పట్టుకుని బలంగా పైకి తోశాడు.

గువ్వ అరిచిన అరుపుకి కింద వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూశారు. గది తలుపు ఠప్పున పడింది. కిటికీ రెక్కలు పడ్డాయి. లోపల తండ్రీ కూతుళ్ళిద్దరే మిగిలారు. బయట తల్లి తలుపు తడుతోంది, అమ్మమ్మ ఏదో చెబుతోంది. పిల్ల వెక్కిళ్ళు పెడుతూ గోడకేసి జరగాలని చూస్తోంది. జరగలేకపోతోంది. నాన్న చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, గదికి అవతలి మూల నేల మీద కూర్చున్నాడు. తలుపు వచ్చేదాకా ఆయన అక్కణ్ణించి కదల్లేదు, పిల్లకేసి చూడనూ లేదు.

మర్నాటి నుంచి ఆయన గువ్వని ముట్టుకోవడం మానేశాడు.

పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు మంచివాడే. కానీ గది బయట జనం మెట్ల దాకా ఉన్నారు. గువ్వని బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు వంచి చూశాడు. వంగలేదు. మందులచీటీ కోసం సొరుగు లాగబోయి, అది రాకపోతే జేబులోంచి ఒక కాగితం తీసుకున్నాడు. గువ్వ వచ్చినప్పుడల్లా ఆయనకి అలవాటే.

"పిక్క కండ పొట్టిదైపోయినట్టుంది," అన్నాడు. "మడమ వెనక తాడులాంటిది ఉంటుంది చూడండి, దాన్ని కొంచెం కోసి పొడిగించాలి. తొడ లోపలి వైపు కూడా. ఇలా వదిలేస్తే తుంటి కీలు పక్కకి జారుతుంది. వచ్చే గురువారం పెట్టుకుందాం."

"సరే సార్," అన్నాడు నాన్న, భార్య నోరు తెరిచేలోపే.

ఇంటికొచ్చాక ఆవిడ పిల్లని అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టి, వంటింట్లో మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, వానలకి ముందు ఇది వరండా చివరిదాకా నడిచింది. కండ పొట్టిదవ్వాలంటే నెలలు పడుతుంది గానీ, ఇలా ఉన్నట్టుండి అయిపోతుందా?"

"డాక్టరు కంటే మనకి ఎక్కువ తెలుసా?"

"ఎక్కువ తెలుసని నేననలేదు. ఆయన దాన్ని చూసింది ఎంతసేపు? మనం చూస్తున్నది ఎన్నాళ్ళ నుంచి?"

"చూసి ఏం చేశాం? నేను చూసి ఏం చేశాను?" ఆయన గొంతు పెద్దదైంది, మళ్ళీ తనే తగ్గించుకున్నాడు. "కోసి సరిచేస్తారంటే చెయ్యనియ్యి. నా చేతుల్లో పడి నలిగేకంటే అదే నయం."

 ఇద్దరికీ మధ్య పొయ్యి మీద పాలు పొంగాయి. గిన్నె మూత తీద్దామంటే రాలేదు.

"ఫిజియో మేడమ్ సెలవు నుంచి సోమవారం వస్తుందట," అంది చివరికి. "ఆవిడ ఒకసారి చూడనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

ఫిజియోథెరపిస్టు పొట్టిగా, జుట్టు చిన్నగా కత్తిరించుకుని, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టుండే మనిషి. సోమవారం మధ్యాహ్నం తనే ఇంటికొచ్చింది. వీధి తలుపు రాకపోతే వరండా కిటికీ దగ్గర నిలబడి, "గువ్వా, నేనే. తొందరేం లేదు," అని, తలుపు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంది.

లోపలికొచ్చాక కూడా వెంటనే పిల్లని ముట్టుకోలేదు. చాప మీద దాని పక్కనే వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తూ, తల్లిని అడగడం మొదలుపెట్టింది. జ్వరం ఉందా? విరోచనం సాఫీగా అవుతోందా? ఒంటేలు పోసేటప్పుడు ఏడుస్తోందా? నమిలేటప్పుడు ఒక పక్కకే నములుతోందా? ఎక్కడైనా పడిందా? తల్లి ఒక్కొక్కదానికీ లేదని చెబుతూ పోయింది.

"ఒక్కసారిగా ఇంత బిగిసిందంటే వెనకాల ఏదో ఉంటుందండీ," అంది ఫిజియో. "మనకి నొప్పి వస్తే మూలుగుతాం, చెయ్యి అక్కడికి పోతుంది. దీనికి నొప్పి ఎక్కడున్నా జవాబు మాత్రం కాళ్ళే చెబుతాయి. పన్ను నొప్పైనా కాళ్ళే బిగుస్తాయి. కడుపు ఉబ్బినా కాళ్ళే. నేను చూసిన ఒక పిల్లాడికి చెవిలో చీము ఉంటే మోకాళ్ళకి మందులు వాడారు."

"కాలు అంటోందండీ, అడిగితే."

"ఏ కాలో, కాల్లో ఎక్కడో చెప్పలేకపోతోంది. ఇంత బిగిసినప్పుడు దానికే తెలియదు. నేను ముట్టుకుని చూద్దామంటే ఎక్కడ ముట్టుకున్నా ఒళ్ళంతా ఒకేలా బిగుస్తోంది." ఆవిడ లేచి కూర్చుని గదంతా చూసింది. గోడలో చిన్న అలమరా ఉంది. దానికి పల్చటి చెక్క తలుపు. "సార్‌ని పిలవండి."

నాన్న ఆ రోజు సెలవు పెట్టి, వరండాలో నిలబడి ఉన్నాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"నేను ముట్టుకోను మేడమ్."

"మిమ్మల్ని పిల్లని ముట్టుకోమనలేదు. ఆ అలమరా తలుపు పట్టుకోండి. రెండు వేళ్ళతో, మెల్లగా ఆడిస్తూ ఉండండి. లిఫ్టు తలుపుల్లో ఎక్కడ పట్టేస్తోందో చేత్తో చూసి చెబుతారు కదా, అలాగే. ఏ మాత్రం బరువు మారినా చెప్పండి."

ముందు అమ్మమ్మ వెచ్చటి తువ్వాళ్ళు తెచ్చి కప్పింది. తల్లి గువ్వ తలని ఒళ్ళో పెట్టుకుంది. మోకాళ్ళ కింద దిండు పెట్టి, కాళ్ళు కాస్త వంగేలా పడుకోబెట్టారు. ఎవరూ తొందరపడలేదు. చాలాసేపటికి అలమరా తలుపు కొంచెం కదిలింది. ఇంకాసేపటికి నాన్న వేళ్ళ మధ్య ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు వదులుగా ఉంది," అన్నాడు.

ఫిజియో పిల్ల చెవుల వెనక వేలు పెట్టింది. దవడల కింద. చిగుళ్ళ మీద.

"వదులే."

మెడ. భుజాలు. పొట్ట మీద అరచెయ్యి పరిచి మెత్తగా నొక్కింది.

"కొంచెం... లేదు, వదులే."

వెన్నుపూస వెంట కిందికి వచ్చింది. తుంటి దగ్గరికొచ్చేసరికి అందరూ ఊపిరి బిగబట్టారు. డాక్టరు చెప్పిన మాట అందరి మనసులోనూ ఉంది. కుడి తుంటి. ఎడమ తుంటి. నాన్న కళ్ళు మూసుకుని వేళ్ళతో వింటున్నాడు.

"ఫర్వాలేదు. ఊగుతోంది."

తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తొడలు, మోకాళ్ళు అయ్యాయి. కుడి పాదం అయింది. ఎడమ పిక్క, మడమ. ఫిజియో వేలు పాదం అంచు వెంట మెల్లగా ముందుకి జరిగి, లోపలికి ముడుచుకున్న వేళ్ళ దగ్గరికి వెళ్ళింది.

అలమరా తలుపు నాన్న వేళ్ళలోంచి లాక్కున్నట్టు పోయి మూసుకుంది.

"అక్కడే," అన్నాడు.  "మేడమ్, అక్కడే."

ఎడమ కాలి బొటనవేలు పిడికిలి మూసినట్టు పక్క వేలి కిందికి ముడుచుకుపోయి ఉంది. ఇంతకాలం దాన్ని తెరవబోయిన ప్రతిసారీ పాదమంతా బిగిసేది. స్నానం చేయించేటప్పుడు పైన కడిగి వదిలేసేవాళ్ళు. ఫిజియో ఇంకో వెచ్చటి తువ్వాలు అడిగింది. పాదాన్ని అందులో చుట్టి, కబుర్లు చెబుతూ చాలాసేపు కూర్చుంది. వేళ్ళు తమంతట తాము విచ్చుకున్నాక గానీ చూడలేదు. గోరు అంచు పక్క చర్మంలోకి దిగిపోయి ఉంది. చుట్టూ ఎర్రగా ఉబ్బి, లోపల చీము పట్టింది.

ఆవిడ స్ప్లింటు తీసి పాదం పక్కన పెట్టి చూపించింది. పాదం దానికంటే పొడుగ్గా ఉంది.

"పిల్ల పెరిగింది. ఇది చాలటం లేదు. వేళ్ళు ముందు అంచుకి నొక్కుకుని, గోరు లోపలికి దిగింది. ఆ నొప్పికి ఒళ్ళు బిగిసింది, బిగిసేసరికి వేళ్ళు ఇంకా నొక్కుకున్నాయి."

"రోజూ నీళ్ళు పోసేది నేనే," అంది అమ్మమ్మ.  "నా కళ్ళకి కనబడలేదే."

"ముడుచుకున్న వేళ్ళ కింద ఎవరికి కనబడుతుంది అమ్మమ్మగారూ? సెలవుకి ముందు స్ప్లింటు కొలత చూడాల్సింది నేను. ఇక నుంచి మనందరం వేళ్ళు చూద్దాం, సరేనా."

పైఅంతస్తు కిటికీలోంచి మాస్టారి గొంతు వినబడింది. "దొరికిందా అమ్మాయ్?"

"దొరికింది మాస్టారూ," అంది తల్లి, ఏడుస్తూ నవ్వుతూ. "గోరు. ఉత్త గోరు."

ఆ సాయంత్రమే వీధి చివరి క్లినిక్కులో డాక్టరమ్మ వేలికి మత్తు సూది వేసి, గోరు అంచు తీసేసి, శుభ్రం చేసి కట్టు కట్టింది. ఇంటికి తెస్తుండగా దారిలోనే గువ్వ తల్లి భుజం మీద నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చేతులూ కాళ్ళూ వేలాడేసి, నీళ్ళలో నానిన గుడ్డలా బరువుగా. మంచం మీద పడుకోబెట్టాక వాళ్ళు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.  ఇంట్లో ఒక్కొక్క సొరుగూ, ఒక్కొక్క రెక్కా తమంతట తాము కొంచెం కొంచెం ముందుకి జరుగుతున్న చప్పుడు వింటూ తిన్నారు. బయట లిఫ్టు తలుపులు తెరుచుకుని, కాసేపు ఆగి, మూసుకున్నాయి. అమ్మమ్మ రెండోసారి వడ్డించుకుంది. ఆ వానలు మొదలయ్యాక అదే మొదటిసారి.

గురువారం నాడు పెద్దాసుపత్రికి మళ్ళీ వెళ్ళారు. కొత్త స్ప్లింట్లకి కొలత ఇచ్చి, అటునుంచి ఎముకల డాక్టరు దగ్గరికి. ఫిజియో ముందే ఆయనతో ఫోనులో మాట్లాడింది. ఆయన ఈసారి బయట జనాన్ని ఆగమని, గువ్వ పాదాన్ని చేతిలోకి తీసుకుని మెల్లగా పైకి వంచాడు. కొంత దూరం వెళ్ళి ఆగింది. ఆయన ఆగాడు. ఇంకొంత వెళ్ళింది.

"ఆ రోజు ఇది నాకు దొరకలేదు," అన్నాడు. అప్పుడే తీయించిన తుంటి ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూశాడు. "కీలు దాని చోట్లోనే ఉంది. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. ఎప్పటికీ అక్కర్లేదని మాటివ్వలేను. పిల్ల పెరుగుతుంటే ఎముక ముందు పెరుగుతుంది, కండ వెనకబడుతుంది. మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి. బిగువు తగ్గే సూది మందులున్నాయి, అవసరమైతే వాటి గురించి మాట్లాడుకుందాం. ముందు సాగదీయడం మానకండి." సొరుగు లాగి, మందులచీటీ తీసి రాసిచ్చాడు.

"సాగదీయడం మానకండి" అన్న మాట దగ్గర నాన్న తల దించుకున్నాడు.

బయటికొచ్చాక తల్లి ఆయన చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరూ వీధిలో అలా నడవడం అరుదు. "ఆపరేషన్ తప్పింది కదండీ," అంది. "ఇంకా అలా ఉన్నారేం?"

"కాలు సాగదీసేది నువ్వే చెయ్యి ఇక నుంచి."

"నేను పొద్దున్నే దుకాణానికి పోవాలి. అమ్మకి ఒంగితే నడుము పట్టేస్తుంది. దానికి నాన్న ఉన్నాడు కదా."

ఆయన ఆవిడ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకున్నాడు.

వేలు మానాక, ఒక ఆదివారం ఫిజియో వచ్చింది. కొత్త స్ప్లింట్లు వేసి చూసి, వేళ్ళ ముందు ఖాళీ ఉందని తృప్తిపడి, తీసేసింది. గువ్వని చాప మీద పడుకోబెట్టి, నాన్నని ఎదురుగా కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు గానీ చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. గువ్వ ఆయన్ని చూసి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. వంటింట్లో ఏదో తలుపు కిర్రుమంది.

"చూశారా మేడమ్," అన్నాడు మెల్లగా. "నేనంటే భయం."

"భయమే. పోతుంది. ముందు నాకొకటి చెప్పండి. నేను ఇన్నాళ్ళూ మెల్లగా, మెల్లగా అంటుంటే, మీకేమనిపించేది?"

"గారాబం అనుకున్నాను. లొంగనిదాన్ని గట్టిగా పడితేనే లొంగుతుందని."

"ఆ కండకి మొండితనం తెలియదు సార్. మీకైనా నాకైనా, ఎవరైనా కండని చటుక్కున లాగితే అది వెనక్కి లాగుతుంది, తెగిపోకుండా కాపాడుకోవడానికి. తర్వాత మెదడు, ఫర్వాలేదు వదిలెయ్యి అని చెబుతుంది. గువ్వకి ఆ కబురు కిందిదాకా సరిగ్గా చేరదు. అందుకని మీరు ఎంత వేగంగా లాగితే అది అంత గట్టిగా పట్టుకుంటుంది. మెల్లగా వెళ్తే దానికి పట్టుకోవాలని తోచదు."

నాన్న తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"లిఫ్టుకి ఒక బ్రేకు ఉంటుందండీ," అన్నాడు. "మామూలుగా పైకీ కిందికీ తిరిగినన్నాళ్ళూ అది ఉన్నట్టే తెలియదు. తాడు తెగి పెట్టె వేగంగా పడబోయిందా, అటూ ఇటూ ఉండే ఇనుప పట్టాలని రెండు దవడల్లా కరిచేస్తుంది. అప్పుడు పైనుంచి ఎంత బరువు వేస్తే అంత గట్టిగా కరుస్తుంది. నెమ్మదిగా పైకెత్తితేనే వదులుతుంది. మా కుర్రాళ్ళకి నేనే చెబుతాను, తొయ్యకండిరా అని."

"అంతేనండీ. సరిగ్గా అంతే."

"అంటే నేను ఇన్నాళ్ళూ దాన్ని తోస్తున్నాను."

"ఇవాళ ఎత్తుదాం," అంది ఫిజియో.

ఆయన చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకున్నాడు. కూతురి మొహంలోకి చూశాడు. చాలా రోజుల తర్వాత.

"గువ్వా. పట్టుకోనా? వద్దంటే వద్దు."

గువ్వ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన ఆగాడు. వరండాలో పిల్లలెవరో బంతి ఆడుకుంటున్నారు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి పేకముక్కలు కలుపుతోంది. తల్లి ఆవిడ వెనకనించి తొంగి చూస్తోంది. చివరికి గువ్వ కళ్ళు పైకెత్తింది. దాని భాషలో అది సరేనని.

మడమ ఆయన అరచేతిలోకి వచ్చింది. పిట్టగూడంత బరువుంది. ముంజేతిని పాదం అడుగున ఆనించి, కొంచెం పైకి వంచాడు. ఆగింది. అలవాటు కొద్దీ భుజంలో బలం కదిలింది. అక్కడే ఆపుకున్నాడు. పిక్క మీద వేసిన రెండో చేతి కింద కండ రాయిలా ఉంది. ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. బంతి ఎవరింట్లోకో వెళ్ళిపోయింది, పిల్లలు తలుపు తట్టారు, ఎవరో తీశారు, బంతి తీసుకుని మళ్ళీ ఆట మొదలుపెట్టారు. ఆయన ఇంకా అలాగే ఉన్నాడు.

అప్పుడు చేతి కింద కండ వదిలింది. ఎవరూ ఏమీ చేయకుండానే, లోపల్నించి ఎవరో ఊపిరి విడిచినట్టు. పాదం ఇంకొంచెం పైకి వచ్చింది. ఆయన తలెత్తి ఫిజియోకేసి చూశాడు.  ఆవిడ తల ఊపింది.

గదిలో అలమరా తలుపు బార్లా తెరుచుకుంది. ఎవరూ అటు చూడలేదు.

ఆయన మెల్లగా, ఎంత మెల్లగా ఎత్తాడో అంత మెల్లగా పాదాన్ని కిందికి దించి, చాప మీద పెట్టి, చెయ్యి తీసేశాడు. ఇవాళ్టికి చాలనుకున్నాడు. లేవబోతుంటే మోకాలికి ఏదో తగిలింది. గువ్వ రెండో కాలు. వణుకుతూ, పక్కకి పోతూ, మళ్ళీ దారిలో పడుతూ, చాప మీద జారుకుంటూ అది ఆయన దగ్గరికి వచ్చింది. ఆ కాస్త దూరానికే గువ్వకి మొహమంతా చెమట పట్టింది.

"ఇంకోటి," అంది గువ్వ.